పంజరానికి రెండు ముగింపులు

రచయిత చేతిలో ఉన్నంతవరకూ కృతి పవిత్రం, వ్యాపారి చేతికి పోయిన మరుక్షణం మైల – ఇట్లాంటి వాదం ఒకటి ఈ మధ్య మనవాళ్ళ నోట తరచు వినపడుతున్నది. చూడటానికి ఇది వ్యాపార సంస్కృతిని ఎదిరించే వాదంలాగే ఉంటుంది. అందుకే మన విద్యార్థులు దీన్ని ఇట్టే నమ్ముతున్నారు, ఉపాధ్యాయులు నమ్మిస్తున్నారు. నా మట్టుకు నాకిది అభ్యుదయ వేషం కట్టిన పాత భావవాదమే అనిపిస్తుంది. ఆ సంగతి ఒక ఉదాహరణ తీసుకుని తేల్చుకోవటం మంచిది.

ఉదాహరణ నేను వెదికి తెచ్చుకున్నది కాదు. మా కళాశాలలో జరిగిన ఒక గోష్ఠిలో ఒక విద్యార్థి పత్రం చదివాడు. అమెరికా టెలివిజన్‌లో 1966 సెప్టెంబరు నుంచి 1969 జూన్ వరకూ నడిచిన ‘స్టార్ ట్రెక్’ అనే ధారావాహికను, దానికి ముందు తయారై ప్రసారం కాకుండా మూలపడ్డ మొదటి నమూనా భాగాన్నీ అతను పోల్చి చూపించాడు. అతని నిర్ణయం ఇది: జీన్ రాడెన్‌బెరీ అనే రచయిత ఆలోచన రేకెత్తించే గొప్ప కథ రాశాడు, అందులో ఒక స్త్రీని నౌకలో రెండో అధికారిగా నిలబెట్టాడు, ఎన్.బి.సి. అనే ప్రసార సంస్థ పెద్దలు ‘ఇది మరీ బుర్రకు పనిపెట్టేదిగా ఉంది’ అని తిప్పికొట్టారు. ఆ స్త్రీని తీసేయించి, గుర్రాల బదులు నౌకలు పెట్టిన కౌబాయ్ కథలు చేయించారు. కాబట్టి అసలు స్టార్ ట్రెక్ ప్రసారం కానిదే. సభ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, పిల్లవాడు నిజంగా శ్రమపడ్డాడు గనక. కాని ఇంటికి పోయి ఆ నమూనాను, ప్రసారమైన భాగాలను వరసగా పెట్టుకు చూశాక, ఆ చప్పట్లను వెనక్కి తీసుకోవాలనిపించింది. పిల్లవాడి తప్పేమీ లేదు. అతను చెప్పిన కథ రాడెన్‌బెరీ తన జీవితమంతా చెప్పుకు తిరిగిన కథే. మన విమర్శకులు రచయిత చెప్పిన మాటను సాక్ష్యంగా కాక తీర్పుగా తీసుకోవటం నేర్పారు, అతను నేర్చుకున్నాడు.

ముందు పైలట్ అంటే ఏమిటో తెలుసుకోవాలి. ధాన్యం కొనవచ్చిన షావుకారుకు రైతు బస్తాలోంచి గుప్పెడు తీసి మచ్చు చూపిస్తాడు. మచ్చు నచ్చితే బస్తాలకు బేరం కుదురుతుంది. అమెరికా టెలివిజన్‌లో పైలట్ ఆ గుప్పెడు గింజలు. దాన్ని తీసేది జనం చూడటానికి కాదు, కొనేవాడు చూడటానికి. నిర్మాణ సంస్థ ఆ మచ్చు చూపించి కథలను ప్రసార సంస్థకు అమ్ముతుంది. ప్రసార సంస్థ తన వంతుకు కాలాన్ని ప్రకటనదారులకు అమ్ముతుంది. కాలమంటే గడియారంలోని కాలం కాదు, ఆ గంటసేపు పెట్టె ముందు కదలకుండా కూచునే జనం. అమ్ముడయ్యే అసలు సరుకు వాళ్ళు. ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు, పైలట్‌ను వ్యాపారం అంటని స్వచ్ఛమైన దశ అనటం ఎంత అమాయకత్వం! అమ్మేవాడు కొనేవాణ్ణి మెప్పించటానికి సర్వశక్తులూ ఒడ్డేది మచ్చు దగ్గరే.

రాడెన్‌బెరీకి ఈ సంగతి అందరికన్న బాగా తెలుసు. 1964లో ఆయన తన ప్రతిపాదన రాసుకున్నప్పుడు దాన్ని పోల్చింది ఏ మహాకావ్యంతోనూ కాదు, అప్పట్లో జనాదరణ పొందిన ‘వాగన్ ట్రెయిన్’ అనే పడమటి దిక్కు బళ్ళ కథతో. బళ్ళ బదులు నక్షత్రాల మధ్య నౌక. కౌబాయ్ కథగా మార్చింది సంస్థవారని మా విద్యార్థి అన్నాడు గాని, ఆ ముద్ర వేసి అమ్మజూపింది రచయితే.

మచ్చు పేరు ‘ది కేజ్’, అంటే పంజరం. డెసిలూ స్టూడియో దాన్ని 1964 చివర్లో తీసింది. దర్శకుడు రాబర్ట్ బట్లర్. 6 లక్షల డాలర్లకు పైగా ఖర్చయింది. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. డెసిలూ యజమానురాలు లూసిల్ బాల్ అనే హాస్యనటి. 1965 మొదట్లో ఎన్.బి.సి. దాన్ని చూసి వద్దంది. కాని ఎన్నడూ లేని విధంగా ఇంకొక మచ్చు తీసుకురమ్మని డబ్బిచ్చింది. ఆ రెండోదాన్ని చూసి బేరం ఖాయం చేసింది. మొదటిదానిలో నౌకాధిపతి పైక్‌గా నటించిన జెఫ్రీ హంటర్ మళ్ళీ రానన్నాడు. అతని స్థానంలో విలియం షాట్నర్ కర్క్ అనే అధిపతిగా వచ్చాడు. మొదటి నమూనాలోని ముఖ్యపాత్రల్లో మిగిలింది స్పాక్ ఒక్కడే, లెనర్డ్ నిమాయ్ వేసిన కోణపు చెవుల మనిషి. ఆ చెవులంటే కూడా సంస్థ అమ్మకాల శాఖకు భయమే. ధారావాహికను గురించి వాళ్ళు అచ్చువేసిన పుస్తకంలో స్పాక్ చెవులకూ కనుబొమలకూ రంగు పులిమి మామూలు మనిషిని చేశారు! ఆ మనిషే తరవాత ధారావాహిక మొత్తాన్ని భుజాన మోశాడు. అమ్మకాల శాఖల దూరదృష్టి అట్లా ఉంటుంది.

ఇక కథ. ఇది చెప్పకపోతే తక్కినదంతా గాలిలో మాట అవుతుంది. పద్ధెనిమిదేళ్ళ కిందట కూలిపోయిన నౌక నుంచి సాయం కోసం పిలుపు వినపడుతుంది. పైక్ తన నౌకను టాలోస్ అనే నక్షత్రపు నాలుగో గ్రహానికి తీసుకుపోతాడు. అక్కడ బతికి బయటపడ్డవాళ్ళు కనిపిస్తారు, వీనా అనే యువతి కనిపిస్తుంది. దగ్గరికి పోయేసరికి వాళ్ళంతా మాయ. వీనా ఒక్కతే నిజం, ఆమె అందం నిజం కాదు. పైక్‌ను భూమి కిందికి లాక్కుపోయి అద్దం గోడ వెనక బంధిస్తారు. బంధించినవాళ్ళు పెద్ద తలలూ బక్క శరీరాలూ గల టాలోస్ జాతి. వేల శతాబ్దాల కిందట యుద్ధంలో నేల పైభాగం పాడయితే వాళ్ళు కిందికి దిగి, మనోశక్తిని పెంచుకున్నారు. ఎంతగా అంటే ఇతరుల మనసుల్లో ఏ దృశ్యమైనా నిజంలాగే పుట్టించగలరు. ఆ శక్తే వాళ్ళకు మత్తుమందయింది. ఇతర జీవుల్ని తెచ్చి పంజరాల్లో పెట్టి, వాటి అనుభవాలను కూచుని చూస్తూ, వాటిలోనే బతుకుతూ, తాతలు వదిలిపోయిన యంత్రాలను బాగుచెయ్యటం కూడా మరిచిపోయారు. ఇప్పుడు నేలను మళ్ళీ దున్నటానికి, కట్టటానికి చేతులు కావాలి. తమ చేతులు పనికిరావు. అందుకని పైక్‌నూ వీనానూ జతకూర్చి ఒక సేవకజాతిని పెంచాలని వాళ్ళ పథకం.

చూసేవాళ్ళ జాతి, పనిచెయ్యటం మరిచిన జాతి, పనికి బానిసలను పెంచుకోవాలనుకునే జాతి. రాడెన్‌బెరీ మనసులో ఏమున్నదో ఆయనకే తెలియాలి. కాని పెట్టె ముందు కూచునే జనాన్ని గంటల లెక్కన అమ్ముకునే సంస్థకు ఈ కథను మచ్చుగా తీసుకుపోవటం, కల్లుదుకాణం పాటలో మద్యనిషేధం కరపత్రం పంచినట్టే ఉంది. ముగింపు ఇంకా గట్టిది. పైక్ పంజరానికి లొంగడు. రెండో అధికారి అయిన స్త్రీ తన ఆయుధాన్ని పేలిపోయేటట్టు చేసి, బానిసజాతికి తల్లినయ్యేకంటె చావటం మేలంటుంది. అప్పుడు టాలోస్ జాతివారు నౌకలోని చరిత్ర గ్రంథాలన్నీ వెదికి ఒక సంగతి తెలుసుకుంటారు: మనుషులకు బంధనమంటే ఎంత ద్వేషమంటే, పంజరం సుఖంగా ఉన్నా సరే చావటానికి సిద్ధపడతారు. ఇలాంటివాళ్ళు పనికిరారని వదిలేస్తారు. ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం ఏదయినా చేసుకుందామా అని పైక్ అడుగుతాడు. వద్దంటారు; మా మాయాశక్తి మీరు నేర్చుకుంటే మీరూ మాలాగే నశిస్తారు అంటారు. వీనా మాత్రం వెనక ఉండిపోతుంది. నౌక కూలినప్పుడు ఆమె శరీరం ఛిద్రమయింది, మనిషి ఎట్లా ఉంటాడో ఎరగనివాళ్ళు ఆమెను అతికించారు. ఆమెకు అందం అనే మాయను తిరిగి ఇస్తారు, దానికి తోడు పైక్ రూపంలో ఇంకొక మాయను కూడా ఇస్తారు. ఆమెకు మాయ, నీకు వాస్తవం అని పాలకుడు పైక్‌కు చెబుతాడు. పైక్ నౌకకు తిరిగి వస్తాడు.

ఈ ముగింపును గుర్తుంచుకొమ్మని పాఠకులను కోరుతున్నాను. దీని సంగతి మళ్ళీ వస్తుంది.

ముందు స్త్రీ సంగతి చూద్దాం, మా విద్యార్థి పత్రానికి అదే ప్రాణం గనక. ఆమెకు పేరు లేదు. ‘నంబర్ వన్’ అని పిలుస్తారు. నటి మేజెల్ బారెట్. అధిపతి బందీ అయినప్పుడు నౌకను నడిపేది ఆమే. నమూనాలో ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒకే రకం లాగులు వేసుకుంటారు. ప్రసారమైన ధారావాహికలో నంబర్ వన్ లేదు. ఆమె చల్లని తర్కబుద్ధిని స్పాక్‌కు ఇచ్చేశారు. నమూనాలో స్పాక్ నవ్వుతాడు, అరుస్తాడు. తరవాత నవ్వటం మానేశాడు. చల్లని బుద్ధి స్త్రీకి ఉంటే ప్రకృతి విరుద్ధం, కోణపు చెవుల మగవాడికి ఉంటే ఆకర్షణ! మేజెల్ బారెట్ జుట్టు రంగు మార్చుకుని, స్పాక్‌ను చూసి నిట్టూర్చే నర్సుగా తిరిగివచ్చింది. లాగుల స్థానంలో పొట్టిగౌన్లు వచ్చాయి. (ఆ గౌన్లను ఆ రోజుల్లో తాము అవమానంగా భావించలేదని నటి నిషెల్ నికోల్స్ తరవాత చెప్పారు. దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి; 1966 కళ్ళతో చూస్తే పొట్టిగౌనుకు వేరే అర్థం కూడా ఉంది.)

ఎవరు తీసేశారు ఆమెను? సంస్థవారు స్త్రీని ఒప్పుకోలేదని రాడెన్‌బెరీ చెబుతూ వచ్చాడు. కోణపు చెవులవాణ్ణి ఉంచుకుని ఆ స్త్రీని పెళ్ళాడానని సభల్లో హాస్యమాడేవాడు. 1969లో బారెట్‌ను ఆయన పెళ్ళిచేసుకున్న మాట నిజమే. కాని డెసిలూలో నిర్మాణాధికారిగా పనిచేసిన హెర్బ్ సోలో, నిర్మాణంలో ఉన్న రాబర్ట్ జస్ట్‌మన్ కలిసి 1996లో ఒక గ్రంథం రాశారు. అందులో వాళ్ళు వేరే చెప్పారు: స్త్రీ అధికారి అంటే సంస్థవారికి అభ్యంతరం లేదు, రచయిత తన ప్రియురాలిని తెచ్చి ముఖ్యపాత్రలో పెట్టటమే వాళ్ళకు నచ్చలేదు, అని.

ఈ రెండు కథల్లో ఏది నిజమని మనవాళ్ళు కొట్లాడుకుంటారు. నాకు రెండూ అసలు ప్రశ్నను దాటవేసేవే అనిపిస్తాయి. నౌకాధిపతి వేషం వేసిన నటుడు పోయాడు. ఏం జరిగింది? ఇంకొక నటుడు వచ్చాడు. అధిపతి పదవి చెక్కుచెదరలేదు. రెండో అధికారి వేషం వేసిన నటి పోయింది. ఏం జరిగింది? ఇంకొక నటి రాలేదు. పదవే మగవాడి పాలయింది. అభ్యంతరం నటి మీదనే అయితే అమెరికాలో నటీమణుల కరువా? అభ్యంతరం స్త్రీ మీదనే అయితే, ఆమె కోసం రచయిత ఎంత పోరాడాడు? సంస్థ వద్దన్న చెవుల కోసం పోరాడి గెలిచాడు. ఈమె కోసం గెలవలేదు. బేరంలో ఏది వదులుకుంటాడో దాన్నిబట్టి మనిషి విలువలు తెలుస్తాయి. తరవాత చెప్పుకున్న కథనుబట్టి కాదు.

ఇంకా రుజువు కావాలంటే ధారావాహిక చివరి భాగం చూడండి. 1969 జూన్ 3న ప్రసారమైంది. నౌకాధిపతుల లోకంలో ఆడవాళ్ళకు చోటు లేదని అక్కసుపడే ఒక స్త్రీ, కర్క్ శరీరాన్ని దొంగిలించి అధిపతి పీఠం మీద కూచుంటుంది. ఆమెకు అన్యాయం జరిగిందా అనే ప్రశ్న ఆ కథకు పట్టదు. ఆమెకు పిచ్చి అని తేల్చి ముగిస్తుంది. ఈ కథ ఎవరిది? తెరమీద కథారచయితగా పడ్డ పేరు జీన్ రాడెన్‌బెరీ. స్త్రీని అధికారంలో కూచోబెట్టనివ్వలేదని సంస్థ మీద జీవితాంతం ఫిర్యాదు చేసిన పెద్దమనిషి ఆయనే.

పోనీ, ఆ నమూనా అయినా స్త్రీ విషయంలో అంత నిష్కళంకమా? అందులో పైక్, వంతెన మీద ఆడది ఉండటం తనకు అలవాటు కావటం లేదని నంబర్ వన్ ఎదుటే అంటాడు. ఆమె ముఖం చూసి, నీ సంగతి వేరనుకో అని సర్దుకుంటాడు. టాలోస్ పాలకుడు ముగ్గురు స్త్రీలను వరసగా నిలబెట్టి, ఎవరివల్ల ఎలాంటి సంతానం కలుగుతుందో పశువుల సంతలోలాగా వివరిస్తాడు. నంబర్ వన్ నిర్లిప్తత అంతా పైపై నటన, లోపల ఆమె కలలన్నీ పైక్ గురించే అని బయటపెడతాడు. పాలకుడు దుర్మార్గుడు గనక ఆ మాటలు దుర్మార్గుడివి అనవచ్చు. కాని కథ వాటిని ఎక్కడా ఖండించదు, నిజమేనన్నట్టు వదిలేస్తుంది. ఆకుపచ్చ ఒంటి బానిసపిల్ల నాట్యం ఒకటి ఉంది. బానిసత్వాన్ని నిరసించే కథలో కెమెరా ఆ బానిసను ఎంత ఆప్యాయంగా చూస్తుందో చూసినవాళ్ళకు తెలుస్తుంది. అది కొనేవాడికి వేసిన ఎర. అంతే.

మరి వ్యాపారి చెయ్యి తగిలి మైలపడ్డదన్న ధారావాహికలో ఏముంది? నమూనాలో మాటలున్న ముఖ్యపాత్రలన్నీ తెల్లవాళ్ళవే. ధారావాహికలో వంతెన మీద నల్లజాతి స్త్రీ ఊహూరాగా నిషెల్ నికోల్స్ కూచున్నది. జపాన్ సంతతికి చెందిన జార్జ్ టకే సులూగా నౌకను నడిపాడు. ప్రచ్ఛన్నయుద్ధం నడుస్తుండగానే 1967లో రష్యన్ పాత్ర కూడా వచ్చి చేరింది. మొదటి ఏడాది తరవాత నికోల్స్ మానేద్దామనుకున్నారు. మార్టిన్ లూథర్ కింగ్ కలిసి, మానవద్దు, నీ స్థానం చాలా విలువైనదని చెప్పారని ఆమె చాలాసార్లు వివరించారు. 1992లో అంతరిక్షానికి వెళ్ళిన మొదటి నల్లజాతి స్త్రీ మే జెమిసన్ చిన్నతనంలో తనకు ఊహూరా స్ఫూర్తి అన్నారు. ఊహూరాకు ధారావాహిక ఇచ్చిన పని బహుకొద్ది, ఎక్కువగా వార్తలు అందుకోవటమూ అందించటమూ. అయినా ఆ కొద్దిపాటి పని ‘పవిత్రమైన’ పంజరంలో లేదు.

ఇది కూడా రచయిత ఔదార్యమేనా? 1966లో ఎన్.బి.సి. కార్యక్రమాల అధిపతి మార్ట్ వెర్నర్, అన్ని జాతులవారికీ కార్యక్రమాల్లో చోటివ్వమని నిర్మాతలకు ఉత్తరం రాశాడు. సోలో, జస్ట్‌మన్ దాన్ని తమ గ్రంథంలో ఉదహరించారు. మన విద్యార్థులకు ఇది మింగుడుపడదు. దుర్మార్గుడైన వ్యాపారి జాతిసమానత్వం ఎందుకు కోరాలి? కారణం వెదకటానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. ఎన్.బి.సి. యజమాని ఆర్.సి.ఎ., రంగుల టెలివిజన్ పెట్టెలు తయారుచేసి అమ్మే కంపెనీ. పెట్టె కొనే డబ్బుకు ఒంటిరంగు ఉండదు. అదీగాక వీధుల్లో పౌరహక్కుల ఉద్యమం సాగుతున్నది. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం వచ్చాయి. జనం వీధికెక్కి సాధించినదాన్ని పెట్టుబడి తన లెక్కల పుస్తకంలో ఒక పద్దుగా రాసుకున్నది. స్త్రీలు ఆ రోజుకు అంత బలంగా వీధికెక్కలేదు. వాళ్ళ పద్దు ఖాళీగా ఉంది. నంబర్ వన్ పోవటానికీ ఊహూరా రావటానికీ కారణం ఒకే చోట ఉందని నా అభిప్రాయం. అది రచయిత హృదయంలో లేదు, సంస్థ పెద్దల దుర్బుద్ధిలోనూ లేదు.

అట్లాగని ధారావాహికను నేను నెత్తిన పెట్టుకోవటం లేదు. 1968 ఫిబ్రవరి 2న, వియత్నాంలో టెట్ దాడి జరుగుతుండగా, ఒక భాగం ప్రసారమైంది. శత్రువులు ఒక తెగకు తుపాకులిస్తున్నారు గనక కర్క్ ఇంకొక తెగకు తుపాకులిస్తాడు, బలాలు సమంగా ఉండాలని. బాధపడుతూనే ఇస్తాడు. ఆ బాధ చూసి ప్రేక్షకుడు అతని చేతిలోని తుపాకులను క్షమించాలి. వాషింగ్టన్ విధానానికి ఇంతకంటె మర్యాదస్తుడైన వకీలు దొరకడు.

ఇప్పుడు ముగింపు సంగతికి వస్తాను. అసలు పోల్చవలసింది అక్కడ. మా విద్యార్థి పత్రంలో దాన్ని గురించి ఒక్క వాక్యం ఉంది, అదీ పొగడ్త.

1966లో ధారావాహిక నడుస్తుండగా ఖర్చు పెరిగింది, పని వెనకబడింది, వారం వారం ఇవ్వవలసిన భాగాలు సిద్ధంగా లేవు. మూలపడ్డ నమూనా గుర్తుకొచ్చింది. దాన్ని ముక్కలుచేసి, చుట్టూ కొత్త కథ అల్లి, ‘ది మినాజరీ’ అనే పేరుతో రెండు భాగాలుగా నవంబరు 17న, 24న ప్రసారం చేశారు. మినాజరీ అంటే జంతుశాల. అల్లినవాడు రాడెన్‌బెరీయే. పొదుపులో ఇదొక ఘనకార్యం, కాదనను. దీనికి మరుసటి ఏడు హ్యూగో బహుమానం కూడా వచ్చింది.

కొత్త కథలో పైక్ ఒక ప్రమాదంలో శిక్షణ పొందే కుర్రవాళ్ళను కాపాడబోయి, శరీరమంతా కాలి, చక్రాల పెట్టెలో ఇరుక్కుపోయి ఉంటాడు. మాట లేదు. ఒక దీపం మాత్రం ఉంది. ఒకసారి వెలిగితే అవును, రెండుసార్లు వెలిగితే కాదు. స్పాక్ నౌకను అపహరించి అతన్ని టాలోస్ గ్రహానికి తీసుకుపోతాడు. ఆ గ్రహానికి పోవటానికి మరణశిక్ష ఉంది. దారిలో సైనిక విచారణ. ఆ విచారణలో తెర మీద పాత నమూనా దృశ్యాలు పడతాయి. వాటిని టాలోస్ జాతివారే పంపుతున్నారు. అధికారులు బల్ల చుట్టూ కూచుని ఆ దృశ్యాలు చూస్తారు. చివరికి పైక్ దీపం ఒకసారి వెలుగుతుంది. అతను తనంత తాను పంజరానికి తిరిగిపోవటానికి ఒప్పుకున్నాడు. కిందికి పోగానే మాయవల్ల ఆరోగ్యవంతుడై, వీనా చెయ్యి పట్టుకు నడిచిపోతాడు.

ఆ నడిచిపోయే దృశ్యం ఎక్కడిది? పాత నమూనాదే. 1964లో వీనాతో నడిచిపోయింది పైక్ కాదు, పైక్ రూపంలోని మాయ. అసలు పైక్ ఆ దృశ్యాన్ని దూరం నుంచి చూసి, వెనక్కి తిరిగి, తన నౌకకు, తన పనికి పోయాడు. 1966లో అదే ఫిలిం ముక్క, అదే నటుడు, అదే నటి, అదే నడక. అర్థం మట్టుకు తలకిందులు. పాలకుడి చివరి మాటలో కూడా ఒక్క పేరు మార్చారు: ఆమెకు మాయ, నీకు వాస్తవం అన్నది పోయి, పైక్‌కు మాయ, నీకు వాస్తవం అయింది. మొదటి కథలో మనిషి సుఖమైన పంజరాన్ని తన్నేశాడు. రెండో కథలో అదే మనిషి ఆ పంజరంలోకి పంపమని వేడుకుంటాడు, రాజ్యం కరుణించి అనుమతిస్తుంది, స్నేహితులు కళ్ళు తుడుచుకుంటారు. కూచుని చూస్తూ చూస్తూ చేతులు చచ్చిన జాతి, మొదటి కథలో భయంకరమైన హెచ్చరిక. రెండో కథలో దయగల ఆసుపత్రి.

ఒక మిత్రుడు నాతో అన్నాడు: ‘అంత బాధలో ఉన్న మనిషికి ఆ మాత్రం ఊరట కూడా ఇవ్వవద్దంటావా? నీది రాతిగుండె.’ బాధితుడు ఊరట కోరటాన్ని నేను తప్పుపట్టటం లేదు. వీనా కోరింది, ఆమెను మొదటి కథ కూడా తప్పుపట్టలేదు. నేనడిగేది పైక్‌ను ఆ పెట్టెలో పెట్టినవాళ్ళ సంగతి. నమూనాలోని పైక్‌కు నచ్చజెప్పి పంజరంలో పెట్టటం సాధ్యం కాదు. అందుకని ముందు అతని కాళ్ళు తీసేశారు, చేతులు తీసేశారు, నోరు తీసేశారు. తరవాత, చూశారా, పంజరమే మేలంటున్నాడన్నారు. మనిషి శరీరాన్ని అణువులుగా విడదీసి క్షణంలో గ్రహం మీద దింపగల నాగరికత, అతనికి అవును కాదులకు మించిన భాష ఇవ్వలేకపోయిందట! వెలిగి ఆరే దీపంతో టెలిగ్రాఫు గుమాస్తా కూడా రామాయణం అంతా చెప్పగలడు. కాని పైక్ మాట్లాడితే ఈ కథ నడవదు. మాట్లాడగలిగిన పైక్ ఏం చెబుతాడో 1964లోనే చెప్పాడు గనక.

సంస్థవారు ఈ మార్పు చెయ్యమన్నట్టు సాక్ష్యమేమీ నాకు కనపడలేదు. బహుశా వాళ్ళకు పట్టనే లేదు. వారం గడవాలి, ఫిలిం చేతిలో ఉంది, గడువు మెడమీద ఉంది. ఈ అవసరం నుంచే కథ తిరగబడింది; తిప్పిన చెయ్యి మొదటి కథ రాసిన చెయ్యే. ఏ రచయిత పవిత్రత కోసం మనం చప్పట్లు కొడుతున్నామో ఆ రచయిత తన కథకు తానే ఎదురుకథ రాశాడు. సంస్థ తిప్పికొట్టిందని జన్మంతా చెప్పుకున్నాడు గాని, తానే తిప్పేశానని ఎన్నడూ చెప్పుకోలేదు.

ఈయన ఆస్తిదృష్టి ఎలాంటిదో తెలియటానికి ఒక చిన్న సంగతి చాలు. ధారావాహిక ప్రారంభసంగీతం కూర్చింది అలెగ్జాండర్ కరేజ్. దానికి రాడెన్‌బెరీ పాట రాశాడు. ఆ పాట ఎవరూ పాడలేదు, పాడాలని రాయలేదు. పాటకర్త అనే హక్కుతో సంగీతం మీద వచ్చే ప్రతిఫలంలో సగం తీసుకోవటానికి రాశాడు. ఒప్పందంలో అందుకు చోటుంది. తీసుకున్నాడు కూడా.

సాహిత్య విద్యార్థులకు రెండు పాఠాలు పక్కపక్కన పెట్టి చదవటం కొత్త కాదు. ‘కన్యాశుల్కం’ 1897 కూర్పునూ 1909 కూర్పునూ మనం తరగతిలో పోల్చి చెబుతూనే ఉన్నాం. మొదటిది ముందు రాసింది గనక అదే పవిత్రమని ఎవరైనా అంటే నవ్వుతాం. మధురవాణి నిండుగా పెరిగింది రెండోదానిలోనే గదా. అక్కడ మార్పులు చేసిన గురజాడను ఏ అవసరం నడిపింది, ఏ దృష్టి నడిపింది అని అడుగుతాం. టెలివిజన్ దగ్గరికి వచ్చేసరికి ఈ వివేకం ఎక్కడికి పోతుంది? కృతి ఎవరి చేతిలో ఉన్నప్పుడు పుట్టిందని అడగటంతో ఊరుకుని, ఎవరి పక్షాన మాట్లాడుతున్నదని అడగటం మానేస్తున్నాం. అడిగి ఉంటే మా విద్యార్థికి పంజరంలోని నంబర్ వన్‌తో బాటు ఆమెను చూసి నొసలు చిట్లించిన పైక్ కూడా కనపడేవాడు. ధారావాహికలో ఊహూరాతో బాటు ఆమెకు పని కొద్దిగానే ఇచ్చిన చెయ్యి కూడా కనపడేది. జంతుశాలలో తలుపు ఎటు తెరుచుకున్నదో తప్పక కనపడేది.

ఆ తిరస్కరించిన మచ్చు గతి కూడా చెబుతాను. జంతుశాల కోసం దాన్ని కత్తిరించినప్పుడు పూర్తి రంగుల ప్రతి చెల్లాచెదరయింది. 1986లో రంగు ముక్కలకు నలుపు తెలుపు ముక్కలు అతికి వీడియో టేపుగా అమ్మారు. 1988లో పూర్తి రంగుల్లో టెలివిజన్‌లోనే ప్రసారం చేశారు. డెసిలూ 1967లోనే గల్ఫ్ అండ్ వెస్టర్న్ చేతికి పోయి పారమౌంట్‌లో కలిసింది. ఆ పారమౌంట్ 2022లో పైక్‌నూ నంబర్ వన్‌నూ తిరిగి నౌక ఎక్కించి, చందా కట్టిన ఇళ్ళకు పంపే కొత్త ధారావాహిక మొదలుపెట్టింది. అందులో నంబర్ వన్‌కు పేరుంది, పదవి ఉంది, వెనకటి కథ ఉంది. అరవయ్యేళ్ళలో వీధుల్లో చాలా జరిగింది. ఆ పద్దు కూడా లెక్కల పుస్తకంలోకి ఎక్కింది. పైక్‌కు మాత్రం తన శరీరం ఒకనాటికి ఆ పెట్టెలో చేరుతుందని ముందే తెలుసు. తెలిసి కూడా, బాధ్యత అనుకుంటూ, అటే నడుస్తుంటాడు. 1964 ముగింపును ఇంతవరకు ఎవరూ అతనికి తిరిగి ఇవ్వలేదు.